రంగును మరకను

వెండి పట్టీలు నల్లబడినంత మాత్రమున మన ఇండ్లలో ఎవరును వానిని ఇనుప పట్టీలనుకొనరు. మా అమ్మమ్మ ఏటేట పెద్దపండుగకు ముందు పాత పెట్టె దింపి, అందలి వెండి గిన్నెలను, కుంకుమభరిణెను అరుగుమీద పరచుకొని, విభూతి అద్దిన గుడ్డతో తోముచుండెడిది. మసివలె నల్లగా నున్న గిన్నె క్రమక్రమముగా తెల్లబడి మెరయుట చూచి చిన్నతనమున నేను ఆశ్చర్యపడుచుంటిని. "నలుపు గిన్నెది కాదురా, గాలిది" అని ఆమె చెప్పెడిది. గాలిలోని గంధకపు వాయువు తగిలి వెండి నల్లబడునని తరువాత నేను బడిలో చదువుకొంటిని. బడి మొగము చూడని మా అమ్మమ్మ ఒక్క మాటలో చెప్పినదియు అదియే.

ఇంత తెలిసియుండియు ఒక తపాలా బిళ్ళ విషయమున నేను మోసపోతిని. మోసపోవుటయే కాదు, నా మాట నమ్మినవారిని గూడ చిక్కులలో దింపితిని. నలుబది యేండ్లకు దగ్గరగా ఉపాధ్యాయ వృత్తిలో నుండి విశ్రాంతి తీసికొన్న నేను, నా తప్పులలో ఒక్కదానిని మాత్రము పిల్లలకు చెప్పవలసివచ్చినచో దీనినే చెప్పుదును.

మా తాతగారు తపాలా బంట్రోతు. ఇంటింటికిని ఉత్తరములు పంచి వచ్చి, చదివి పారవేసిన కవరులు ఎవరైన ఇచ్చినచో నాకు తెచ్చి ఇచ్చెడివారు. ఆ బిళ్ళలను కంచములోని నీటిలో నానవేసి, కాగితము నుండి మెల్లగా విడదీసి, పాత పంచాంగముల పుటల నడుమ ఆరబెట్టుట నా సెలవుదినముల పని. మొదట బొమ్మలు చూచి సంతోషించితిని. పిమ్మట దేశములు చూచితిని. కొంత వయసు వచ్చిన తరువాత రంగులు చూడ నేర్చితిని.

ఒకే బొమ్మ, ఒకే వెల గల బిళ్ళలు రెండింటిని ప్రక్కప్రక్కన నుంచినచో వాని రంగులలో తేడా కనబడవచ్చును. అచ్చుకూటములో సిరా కలుపునప్పుడు పాళ్ళు మారినను, రంగుపొడి మరియొక చోటినుండి వచ్చినను ఛాయ మారును. ఈ ఛాయలలో చరిత్ర దాగియుండును. మన దేశమంతటికిని పనికివచ్చు తొలి తపాలా బిళ్ళలు 1854వ సంవత్సరమున కలకత్తాలో అచ్చయినవి. ఆ పనిని కెప్టెన్ థూలియర్ అను సర్వే శాఖాధికారి చూచెను. అర్ధణా బిళ్ళను మొదట ఇంగిలీకపు ఎరుపున అచ్చువేసిరి. ఆ సిరా ఇంగ్లండునుండి తెప్పించినది. అది నడుమనే అయిపోగా అర్ధణాకు నీలిరంగు నిర్ణయించిరి. ఆ ఎర్రని బిళ్ళలు సాధారణ వాడుకకు రానేలేదు. డబ్బాలో సిరా తరిగినందువలన ఒక దేశపు తొలి బిళ్ళ రంగే మారిపోయినది!

హైదరాబాదు సంస్థానపు బిళ్ళలపై ఇతర లిపులతోపాటు మన తెలుగు అక్షరములు గూడ కనబడును. ఆ ప్రభుత్వము 1871 మొదలుకొని వెలువరించిన అర్ధణా బిళ్ళ ఏండ్ల తరబడి అదే బొమ్మతో అచ్చగుచు వచ్చినది. అందుచేత దానికి నారింజ గోధుమ, ఎరుపు గోధుమ, ఇటుక ఎరుపు, గులాబి ఎరుపు అని పెక్కు ఛాయలు ఏర్పడినవి. వీనిని వరుసగా పేర్చి చూచినచో కుండల ఆవములో నొక్కొక్క కుండ ఒక్కొక్క విధముగా కాలినట్లుండును.

ఇక స్వీడను దేశపు కథ వినుడు. అచ్చట 1855లో మూడు స్కిల్లింగుల బిళ్ళను నీలము కలిసిన ఆకుపచ్చ రంగున అచ్చువేసిరి. పొరపాటున ఒక బిళ్ళ, ఎనిమిది స్కిల్లింగుల బిళ్ళకు వాడు పసుపు రంగున అచ్చయినది. 1886 ప్రాంతమున ఒక బడిపిల్లవాడు తన అవ్వగారి అటకమీది పాత కాగితములలో దానిని కనుగొని ఏడు క్రోనరులకు అమ్ముకొనెను. ఆ బిళ్ళయే 1996లో వేలమున ఇరువది ఎనిమిది లక్షల డెబ్బది వేల స్విస్ ఫ్రాంకులకు పోయినది. దాని రంగు నిజమైనదియేనా అని 1970 తరువాతి సంవత్సరములలో కొందరు నిపుణులు సందేహించిరి. మరల పరీక్షలు జరిగిన పిదప అది నిజమైనదని అంగీకరించిరి. వేలము తరువాత జరిగినను, ఆ పిల్లవాని కథ నేను ముందే చదివియుంటిని. అటకమీది నిధులు నా కలలోనికి వచ్చుచుండెను.

1994వ సంవత్సరమున నేను కోరంగికి దగ్గరనున్న ఒక పల్లె ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడను. కోరంగి పూర్వము పెద్ద రేవు. అక్కడినుండియు, ఆ చుట్టుపట్ల ఊళ్ళనుండియు వేలకొలది తెలుగువారు ఓడలెక్కి బర్మాకు పోయి, రంగూను రేవులోను, బియ్యపు మిల్లులలోను కూలిపని చేసిరి. ఆ రేవు పేరును బట్టియే అచ్చటివారు మనవారిని కోరంగీలని పిలిచెడివారు. బర్మా అప్పుడు బ్రిటిషు ఇండియాలో భాగము. 1937లో విడిపోవువరకు అక్కడ చెల్లినవి మన బిళ్ళలే.

ఎనిమిదవ తరగతిలో నాకొక శిష్యుడుండెను. తండ్రి లేనివాడు. తల్లి పొలముపనికి పోయి ఇద్దరు పిల్లలను పోషించుచుండెను. బడి తెరచిన రెండవ వారమున ఆ బాలుడు వచ్చి, "మాస్టారండీ, అమ్మ నన్ను రొయ్యల చెరువు మీద కాపలాకి పెట్టేస్తానంటోందండి. ఇది అమ్మితే ఏమైనా వస్తుందేమో చూడండి" అని ఒక పాత కవరు నా చేతబెట్టెను. అది వాని ముత్తాత తండ్రి రంగూనునుండి పంపినది. తపాలా ముద్రలో 1891 అను సంవత్సరము స్పష్టముగా నుండెను. విక్టోరియా రాణి తల గల మూడణాల బిళ్ళ దానిమీద నుండెను.

ఆ బిళ్ళను చూడగానే నా గుండె వేగముగా కొట్టుకొన్నది. మా కేటలాగులో ఆ మూడణాల బిళ్ళకు నారింజ, గోధుమ నారింజ అను రెండు ఛాయలే చెప్పబడినవి. ఈ బిళ్ళ ఆ రెండింటిలో ఏదియు కాదు. ముదురు చాక్లెటు రంగున నున్నది. కేటలాగులో లేదు గనుక లోకములో మరియొకటి లేదని నేను నిశ్చయించితిని. బిళ్ళ కుడి అంచున బియ్యపుగింజ వెడల్పున ఒక నారింజ చార యుండెను. దానిని గూడ చూచితిని. "ఎండకు వెలిసినది కాబోలు" అని సమాధానము చెప్పుకొంటిని. మన కోరికకు అడ్డువచ్చిన సాక్ష్యమును ఇంత సులభముగా తోసివేయగలమని నాకప్పుడు తెలియదు.

అంతతో ఊరకుండినను బాగుండెడిది. మరునాడు ప్రార్థన సమయమున పిల్లలందరి ఎదుట ఆ కవరును ఎత్తిచూపి, స్వీడను కథ చెప్పి, మన ఊరిలోను అట్టి నిధి యొకటి దొరకినదని ప్రకటించితిని. సాయంకాలమునకు ఆ మాట ఊరంతయు ప్రాకినది. వేయి రూపాయలని యొకరు, లక్ష రూపాయలని యొకరు చెప్పుకొనిరి. పంతులుగారి మాట గదా! ఆ తల్లి రొయ్యల చెరువు యజమాని ఇచ్చిన బయానా త్రిప్పి ఇచ్చివేసినది. వానలు ముంచుకొని వచ్చుచుండెను. ఇంటి కప్పు నేయించుటకై మూడు వేల రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకొన్నది. ఈ సంగతి నాకు తరువాత తెలిసినది. తెలిసిన పిమ్మట గూడ నేను భయపడలేదు. "బిళ్ళ అమ్మిన వెంటనే తీర్చవచ్చును" అనుకొంటిని.

దసరా సెలవులలో ఆ కవరును పుస్తకము నడుమ భద్రపరచుకొని రాత్రి రైలులో మద్రాసు వెళ్ళితిని. జార్జిటౌనులోని ఒక సందులో తపాలా బిళ్ళల పరీక్షలో పేరు పొందిన వృద్ధులొకరు ఉండిరి. ఆయన పూర్వము రసాయన శాస్త్రోపాధ్యాయులు. నేను కవరు ఇచ్చితిని. ఆయన వెల మాట ఎత్తలేదు. దీపము ఆర్పి, కవరుతో ఉత్తరపు కిటికీ వద్దకు నడచిరి.

"పండితులుగారూ! దీపపు వెలుగులో నారింజయు గోధుమయు ఒక్కటే. రంగు చూచుటకు పగటి వెలుగు కావలెను. అందును సూటియైన ఎండ పనికిరాదు" అనిరి.

పిమ్మట తమ పుస్తకమునుండి అదే రకపు మూడణాల బిళ్ళలు ఎనిమిదింటిని తీసి, లేత రంగునుండి ముదురు రంగువరకు వరుసగా పేర్చి, వాని చివర నా కవరును పెట్టిరి. "ఒంటరి బిళ్ళ ఎప్పుడును అబద్ధమాడును. తోడివారి మధ్య నిలిపినప్పుడే దాని నిజము బయటపడును" అనిరి. వరుసలోని ఏడు బిళ్ళలు నారింజనుండి గోధుమ నారింజవరకు మెట్లు దిగినట్లుండెను. ఎనిమిదవది మాత్రము నా బిళ్ళవలె మురికి గోధుమగా నుండెను. నా నోరు ఎండిపోయినది.

ఆయన భూతద్దము నా చేతికిచ్చి చూడుమనిరి. "అచ్చులోనే వచ్చిన ఛాయ అయినచో గీత మొదలునుండి చివరవరకు ఒకే తీరుగా నుండును. ఇచ్చట చూడుడు. సిరా దట్టముగా పడిన చోట్ల నలుపు, పలుచగా పడిన చోట్ల గోధుమ, నడుమ నడుమ మచ్చలు. పైన సీసపు పెన్సిలు రుద్దినట్లు మెరుపు. ఇది అచ్చుకూటమున వచ్చిన రంగు కాదు, పెట్టెలో వచ్చిన రంగు." అని, కుడి అంచున నున్న నారింజ చారమీద పుల్ల మొన నుంచి, "దీనికి మీరు చెప్పుకొన్న కారణమేమి?" అని అడిగిరి.

"ఎండకు వెలిసినదనుకొంటిని" అంటిని.

"ఎండకు వెలిసినది ఇంత తిన్నని గీత గీచినట్లు వెలియునా? ఇచ్చట మరియొక బిళ్ళ దీనిమీద కొంత ఎక్కించి అంటించియుండును. అది ఈ నడుమనే ఊడిపోయినది. దాని క్రిందనున్న మేర గాలి తగులక అసలు రంగున నిలిచినది."

అప్పుడు నాకు జ్ఞాపకము వచ్చినది. వాని చెల్లెలు ప్రక్కనున్న ఆకుపచ్చని అర్ధణా బిళ్ళను ఆటకై పీకి పారవేసినదని బాలుడు మొదటిదినముననే చెప్పియుండెను. నేను వినలేదు. చెవులు వినినవి కాని మనసు వినలేదు.

ఆ కవరు ఎక్కడ నుండెనని ఆయన అడిగిరి. పిల్లవాని తాత రైలింజనుకు బొగ్గు వేయు పని చేసెనని, కవరు ఆయన రేకుపెట్టెలో ఇతర కాగితములతో కలిపి రబ్బరు పట్టీ వేసి యుండెనని నేను చెప్పితిని. ఆయన తల పంకించి ఇట్లు వివరించిరి.

"కొన్ని పాత నారింజ, ఎరుపు, పసుపు సిరాలలో సీసపు రంగుపొడులుండును. బొగ్గుపొగలో గంధకమున్నది. రబ్బరులో గంధకమున్నది. మురుగుకాలువ వాసనలో, కుళ్ళిన గ్రుడ్డు వాసనలో ఉన్నదియు గంధకపు వాయువే. అది సీసముతో కలిసినచో నల్లని సీసపు సల్ఫైడగును. బిళ్ళలు సేకరించువారు దీనిని ఆక్సీకరణమని పిలుచుట వాడుక. కాని పేరు తప్పు. ఇది ప్రాణవాయువు చేసిన పని కాదు, గంధకము చేసిన పని. ప్రాణవాయువు వచ్చి చేరునది మందు వేసినప్పుడు. హైడ్రోజను పెరాక్సైడు ఆ నల్లని సల్ఫైడును తెల్లని సల్ఫేటుగా మార్చును. అదియే అసలైన ఆక్సీకరణము. లోకులు మందు పేరు తీసికొనిపోయి జబ్బుకు పెట్టినారు!"

ఈ ద్రవమును 1818లో కనుగొన్నవాడు థెనార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడనియు, నల్లబడిన పాత చిత్రములలోని సీసపు తెలుపును దానితో బాగుచేయవచ్చునని చూపినవాడు గూడ ఆయనయేననియు చెప్పిరి. పిదప తమ ఎనిమిదవ బిళ్ళపై సన్నని కుంచెతో ఆ ద్రవమును పూసిరి. రెండు మూడు నిమిషములలో గోధుమరంగు మంచువలె విడిపోయి క్రింద నారింజ వెలువడినది. మా అమ్మమ్మ గిన్నె నా కన్నులయెదుట నిలిచినది.

"రంగు మారుటలో మరియొక మార్గము గూడ కలదు" అని ఆయన హెచ్చరించిరి. "ముద్ర కడిగి బిళ్ళను మరల వాడు మోసగాండ్ర నరికట్టుటకై బ్రిటనులో 1883, 84 సంవత్సరములలో నీటికి దిగిపోవు సిరాలతో బిళ్ళలు అచ్చువేసిరి. వానిలోని ఆకుపచ్చ బిళ్ళను తెలియక నానవేసినచో రంగు చెడును. ఎండలో పెట్టినను కొన్ని ఆకుపచ్చ సిరాలలోని పసుపు పోయి నీలమే మిగులును. అట్టి బిళ్ళను చూచి నీలపు ఛాయ దొరకినదని మురిసిపోవువారు ఎందరో! రంగు పెరిగినను, తరిగినను ముందు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే. ఇది పుట్టుకతో వచ్చినదా, తరువాత వచ్చినదా?"

నా బిళ్ళకు గూడ మందు పూయవచ్చునా అని ఆయన అడిగిరి. "అది నాది కాదు" అంటిని. ఆ యాత్రలో నేను ఆడిన సరియైన మాట అదొక్కటియే. ఆయన చిన్న సీసాలో మందు పోసి ఇచ్చి, బిళ్ళ వెల ఇరువది ముప్పది రూపాయలకు మించదని చెప్పి పంపిరి.

తిరుగు రైలులో నాకు నిద్ర పట్టలేదు. బిళ్ళ వెల పోయినందుకు కాదు. నా మాటమీద వేసిన ఇంటికప్పు క్రింద ఆ రాత్రి మూడు ప్రాణములు నిద్రించుచుండెను.

మరునాడు వారి ఇంటికి పోతిని. కొత్త తాటియాకుల వాసన ఇంకను పోలేదు. తల్లిని, పిల్లవానిని కూర్చుండబెట్టి, వృద్ధులు చెప్పినదంతయు చెప్పబోతిని కాని నోట మాట రాలేదు. చివరకు సీసా తీసి, "ఇది నీ బిళ్ళ. నీవే పూసి చూడుము" అని కుంచె వాని చేతికిచ్చితిని. వాడు ఊపిరి బిగబట్టి, వ్రాతకు తగులకుండ బిళ్ళమీద మాత్రమే పూసెను. ముగ్గురము వంగి చూచుచుంటిమి. చాక్లెటు రంగు కరగినది. నారింజ పండు తొక్కవంటి రంగు పైకి వచ్చినది. రాణి ముఖము తేటపడినది.

"మాస్టారండీ, ఎంత బాగుందో చూడండి! ఇప్పుడింకా ఎక్కువ వస్తుందాండి?" అని వాడు కేకవేసెను.

నా జీవితములో అంత కష్టమైన పాఠము నేను మరి చెప్పలేదు. "నాయనా, ఇంత అందముగా నున్నది గనుకనే దీనికి వెల లేదు. ఇది అందరి బిళ్ళలవంటి బిళ్ళ. నేను మరకను చూచి రంగనుకొంటిని. తప్పు నాది" అంటిని.

తల్లి చాలసేపు మాటాడలేదు. "మరి అప్పు మాటేటండీ?" అని మాత్రము అడిగినది. ఆ అప్పు నేను తీర్చుదునంటిని. ఆమె తల అడ్డముగా ఊపినది. "తప్పు చూశారు గానండీ, మా సొమ్ము తినలేదు గదా. కప్పు కింద పడుకుంది మేం. మేమే తీర్చుకుంటాం. వీడు చెరువు మీదకి పోతాడు" అన్నది. బాలుడు తల వంచుకొని కవరును అటునిటు త్రిప్పుచుండెను. అప్పుడు దానిలోపలి కాగితము చప్పుడైనది.

పిల్లలారా, వినుడు. నేను తెలుగు పండితుడను. పాత తెలుగు చదువుటయే నా చదువు. ఆ కవరు నాలుగు నెలలు నా దగ్గర నుండెను. దానిమీది బిళ్ళను భూతద్దముతో నూరుసార్లు చూచితిని. లోపల ఉత్తరము ఉన్నదని తెలియును. ఒక్కసారియైన విప్పి చదువలేదు! ఇంటివారికి ఆ పాత గొలుసుకట్టు వ్రాత అందదు. చదివి చెప్పవలసినవాడను నేనే.

కాగితము విప్పితిమి. నల్లని సిరా వందయేండ్లలో గోధుమరంగునకు తిరిగియుండెను. నేను చదువలేదు. వానిచేతనే చదివించితిని. పదమునకు పదమునకు నడుమ ఎడము లేని వ్రాత. వాడు అక్షరమక్షరము కూడబలుకుకొనుచు, తట్టుకొన్నచోట నా ముఖము చూచుచు, అరగంటసేపు చదివెను. మిల్లులో పని దొరకినదని, ఎనిమిది రూపాయలు పంపుచున్నానని, నూతివద్ద నాటిన కొబ్బరిమొక్క బ్రదికినదా అని అందులో నుండెను. చివర ఇట్లుండెను: "ఇది నా చేవ్రాలు కాదు. నాకు వ్రాలు రాదు గనుక మా మేస్త్రీచేత వ్రాయిస్తున్నాను. పిల్లవాణ్ణి వీధిబడిలో వేయవలెను. ఎంత కష్టమైనా మాన్పించవద్దు. వాడు చదవనేర్చితే నా ఉత్తరం పరాయివాళ్ళచేత చదివించుకోనక్కరలేదు."

చదువుట ముగిసెను. నూతివైపు చూచితిని. అచ్చట నొక ముదుసలి కొబ్బరిచెట్టు కలదు. అదియే ఇదియో కాదో నేను చెప్పలేను. తల్లి కొంగుతో కన్నులు తుడుచుకొని, "ఇన్నాళ్ళకి మనింటి మనిషే చదివాడు" అన్నది. ఆ సాయంకాలము మా నడుమ నొక ఒప్పందము కుదిరినది. వడ్డీ నేను కట్టుదును. అసలు ఆమె మెల్లమెల్లగా తీర్చుకొనును. పిల్లవాడు బడి మానడు. మొదటి రెండు మాటలు నావి. మూడవది ఆమె చెప్పినది.

సెలవుల తరువాత బడి తెరచినదినమున ప్రార్థన సమయమున నిలబడి జరిగినది జరిగినట్లు పిల్లలతో చెప్పితిని. నలుగురిలో కట్టిన వెలను నలుగురిలోనే దించవలయును గదా! వెనుక వరుసలో కొందరు నవ్విరి. నవ్వవలసినదే.

ఇట్టి దెబ్బ తిన్నవానికి బుద్ధి వచ్చియుండునని మీరనుకొందురు. వచ్చినది కాని ప్రక్కదారిన వచ్చినది. ఆనాటినుండి ముదురు రంగు గల ప్రతి బిళ్ళయు నాకు మరకపట్టినదిగానే తోచసాగెను. మా తాతగారిచ్చిన హైదరాబాదు అర్ధణా బిళ్ళ యొకటి నా వద్ద నుండెను. ఎరుపు గోధుమ రంగు. దానికి గూడ మందు పూసితిని. రంగు మారలేదు. మరల పూసి రుద్దితిని. రంగు అట్లే యుండెను గాని కాగితపు పొర లేచి అక్షరములు చెదరినవి. అది పుట్టుకతో వచ్చిన రంగు. తోడి బిళ్ళలతో పోల్చి చూచినచో ముందే తెలిసియుండెడిది. మొదట మరకను రంగనుకొని ఒకరి ఆశతో ఆడుకొంటిని. తరువాత రంగును మరకనుకొని మా తాతగారి బిళ్ళను పాడుచేసితిని. రెండింటికిని మూలము తొందరయే.

తరువాత ప్రధానోపాధ్యాయుడనైతిని. మొద్దు అని, మొండివాడని పేరు పడిన పిల్లవాడు నా యెదుట నిలిచినప్పుడెల్ల ఆ రెండు బిళ్ళలు జ్ఞాపకమునకు వచ్చెడివి. వీని మౌనము వీని స్వభావమా, లేక ఇంటి పొగ తగిలి పట్టిన నలుపా? స్వభావమైనచో రుద్దరాదు. నలుపైనచో దానినే చూచి వెల కట్టరాదు. తెలిసికొనుటకు మార్గము గూడ ఆ వృద్ధులు చెప్పినదే. మంచి వెలుగులో చూడవలెను, తోడివారి నడుమ చూడవలెను, ఎచ్చట పెరిగినాడో అడుగవలెను, సొంత కోరికకు అడ్డువచ్చు సన్నని చారను తోసివేయరాదు. ఇంత తెలిసియు నేను పెక్కుసార్లు పొరబడితిని. కాని వెనుకటికంటె నెమ్మదిగా పొరబడితిని.

మీలో ఎవరైన బిళ్ళలు సేకరించుచున్నచో వానికి రబ్బరు పట్టీలు వేయవద్దు. వంటయింటి పొగకు, సూటియైన ఎండకు, తేమకు దూరముగా నుంచుడు. కేటలాగులో లేని రంగు కనబడినచో ముందు సంతోషింపక ముందు సందేహింపుడు. పెద్దలు దగ్గర లేనిదే మందులు ముట్టవద్దు.

ఆ బాలుడు పట్టభద్రుడై ఇప్పుడు కాకినాడలో ఉద్యోగము చేయుచున్నాడు. రంగూను కవరును అద్దములో బిగించి ఇంటిలో పెట్టుకొన్నాడు. మూడణాల బిళ్ళ ఇప్పటికిని నారింజగానే యున్నది. ఏటేట సంక్రాంతికి తన చేతివ్రాతతో నాకొక ఉత్తరము వ్రాయును. కవరుమీద ఏదో కొత్త బిళ్ళ అంటించియే పంపును. నా పిచ్చి వానికి తెలియును. నేను మాత్రము ఇప్పుడు కవరు చేతికి రాగానే బిళ్ళను చూడను. లోపలి కాగితము తీసి మొదటినుండి చివరవరకు చదువుదును. బిళ్ళ సంగతి తరువాత.